పీవీ టి-60 గిటార్: తరచుగా అడిగే ప్రశ్నలు, వాడేవాళ్ల జవాబులు

పీవీ అనగానే మన ఊళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లకి గుర్తొచ్చేది యాంప్‌లు, స్పీకర్లు, మిక్సర్లు. అదే కంపెనీ 1978 నుంచి 1988 దాకా టి-60 అని ఒక ఎలక్ట్రిక్ గిటార్ చేసింది. నేను ఉండేది అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్‌లో. ఆ గిటార్ పుట్టిన, పక్కనే మిసిసిపి రాష్ట్రంలో ఉన్న మెరీడియన్ ఊరు ఇక్కడికి కారులో రెండు గంటల పైచిలుకు దూరం. ఏడేళ్లుగా నా దగ్గర ఒక టి-60 ఉంది. మా బ్యాండులో వాయించే మిత్రుడి దగ్గర ఇంకొకటి ఉంది. దీన్ని చూసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలూ, వాడేవాళ్లు తమలో తాము అనుకునే మాటలూ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు టి-60 ఎలాంటి గిటార్?

రెండు హంబకర్ పికప్‌లు (తీగ శబ్దాన్ని పట్టి యాంప్‌కి పంపేవి, నెక్ వైపు ఒకటి, తీగలు ఆనుకునే బ్రిడ్జ్ వైపు ఒకటి), స్క్రూలతో బిగించిన మేపుల్ నెక్, అంటే ఎడమ చేత్తో పట్టుకునే మెడ, బరువైన యాష్ చెక్క బాడీ. కింద రెండు వాల్యూమ్ నాబ్‌లు, రెండు టోన్ నాబ్‌లు, ఒక చిన్న ఫేజ్ స్విచ్. పైకొమ్ము మీద పికప్ మార్చే మూడు స్థానాల స్విచ్. చెక్క రంగు కనిపించే నేచురల్ ఫినిష్‌లోనే ఎక్కువ దొరుకుతాయి. తర్వాతి సంవత్సరాల్లో సన్‌బర్స్ట్, నలుపు, ఎరుపు, తెలుపు కూడా వచ్చాయి. దీనికి తోడుగా టి-40 అనే బేస్ గిటార్ చేశారు. పీవీ తయారు చేసిన తొలి గిటార్లు ఈ రెండే.

కంపెనీ పెట్టిన హార్ట్‌లీ పీవీ మెరీడియన్ కుర్రాడే. తండ్రికి ఆ ఊళ్లో సంగీత వాయిద్యాల దుకాణం ఉండేది. 1965లో యాంప్‌లు చేయడంతో మొదలుపెట్టారు. సామాన్య బ్యాండు వాళ్లు కొనగలిగే ధరలో, పాడవకుండా పనిచేసే సామాను చేస్తారని పీవీకి పేరొచ్చింది. గిటార్ చేయాలనుకున్నప్పుడు కూడా ఆయన ఆలోచన అదే.

అందులో అప్పట్లో కొత్తదనం ఏముంది?

చెక్కిన తీరు. 1970ల్లో అమెరికాలో రెండు పెద్ద గిటార్ కంపెనీలూ వాటిని మొదలుపెట్టినవాళ్ల చేతుల్లో లేవు. ఫెండర్‌ను 1965లోనే సీబీఎస్ అనే మీడియా కంపెనీ కొనేసింది. 1969లో గిబ్సన్ కూడా చేతులు మారి, తర్వాత నార్లిన్ అనే కంపెనీ కిందకి వెళ్లింది. ఆ కాలం గిటార్ల గురించి పాత వాయిద్యకారులు చెప్పేది ఒకటే: ఒకటి అద్భుతంగా ఉంటే పక్కదాని నెక్ దగ్గర సందు కనిపించేది, ధర మాత్రం రెండింటికీ ఒకటే.

హార్ట్‌లీ పీవీకి తుపాకుల మీద ఆసక్తి. తుపాకీ వెనకాల ఉండే చెక్క భాగాన్ని మెషిన్ల మీద ఎంత కచ్చితంగా చెక్కుతారో, ఆ గాడిలో ఉక్కు ఎలా సందు లేకుండా కూర్చుంటుందో ఆయన చూశారు. తుపాకీకి చెక్కగలిగినప్పుడు గిటార్‌కి ఎందుకు చెక్కలేం అనుకున్నారు. టెక్సాస్‌లో గిటార్లు రిపేర్ చేస్తున్న చిప్ టాడ్ అనే ఆయన్ని పిలిపించుకుని, ఇద్దరూ కలిసి టి-60ని రూపొందించారు. బాడీలనూ నెక్‌లనూ కంప్యూటర్ ఆదేశాలతో కోసే మెషిన్ల మీద, అంటే ఇవాళ మనం సీఎన్‌సీ అంటున్న వాటి మీద చేయించారు. ఫ్యాక్టరీ ఉత్పత్తిలో ఆ పద్ధతిని అంత నమ్ముకున్న తొలి గిటార్ ఇదేనని చెప్తారు.

నా గిటార్ వెనక్కి తిప్పి నెక్, బాడీ కలిసే చోట విజిటింగ్ కార్డు అంచు దూర్చి చూశాను. దూరలేదు. గోరుతో రాస్తే ఒక చెక్కకీ ఇంకో చెక్కకీ మధ్య చిన్న గీత తగులుతుందంతే. నలభై ఏళ్లు దాటిన గిటార్ అది.

ఇప్పుడు లక్షల ఖరీదు చేసే గిటార్ల బాడీలు కూడా సీఎన్‌సీ మీదే కోస్తున్నారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. 1978లో మాత్రం "మెషిన్ గిటార్" అన్న మాట తిట్టులాగే వాడారు. టి-60కి జరిగిన మొదటి అన్యాయం ఇదని నేను అనుకుంటాను.

టోన్ నాబ్ గురించే అందరూ మాట్లాడతారు. అందులో ప్రత్యేకత ఏమిటి?

ముందు ఒక చిన్న విషయం. హంబకర్‌లో రెండు కాయిల్స్ పక్కపక్కన ఉంటాయి. బయటి కరెంటు నుంచి వచ్చే "హమ్" ఒక కాయిల్‌లో ఒక దిక్కుకీ, రెండో కాయిల్‌లో ఎదురు దిక్కుకీ వచ్చి కొట్టేసుకుపోతుంది. తీగ శబ్దం మాత్రం రెండింటి నుంచీ కలిసి నిండుగా వస్తుంది. ఒకే కాయిల్ ఉంటే హమ్ వినిపిస్తుంది, కానీ శబ్దం పదునుగా, విడివిడిగా, మెరుస్తూ ఉంటుంది. అందుకే గిటారిస్టులకి రెండూ కావాలి. మామూలుగా అయితే ఒక స్విచ్ పెట్టి ఒక కాయిల్‌ను ఆపేస్తారు. ఇది కావాలా, అది కావాలా అన్నట్టు ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు.

టి-60లో ఆ పని టోన్ నాబ్ చేస్తుంది. సున్నా నుంచి 7 వరకు మామూలు టోన్ నాబ్‌లాగే ఉంటుంది. తిప్పేకొద్దీ మసక తొలగిపోయి హంబకర్ పూర్తిగా విచ్చుకుంటుంది. 7 దగ్గర అసలైన నిండు హంబకర్. అక్కడి నుంచి 10కి వెళ్లేకొద్దీ రెండో కాయిల్ కొంచెం కొంచెంగా తప్పుకుంటుంది. 10 దగ్గర పూర్తి సింగిల్ కాయిల్. ఈ సర్క్యూట్ ఆలోచన ఆర్విల్ "రెడ్" రోడ్స్ అనే పెడల్ స్టీల్ గిటార్ వాయిద్యకారుడిది. చెవితో బతికినవాడు చేసిన పని అని వాయిస్తుంటేనే తెలుస్తుంది.

ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇలా చేసి చూడండి. యాంప్ క్లీన్‌లో (శబ్దం పగలకుండా) పెట్టి, నెక్ పికప్ ఎంచుకుని, E మైనర్ కార్డు ఒకటి మోగించి అది మోగుతుండగానే టోన్ నాబ్‌ను 7 నుంచి 10కి మెల్లగా తిప్పండి. ముందు కింది తీగల దగ్గరున్న బరువు సన్నబడుతుంది. తర్వాత ఆరు తీగలూ ఒక్కొక్కటిగా విడిపోయి వినిపిస్తాయి. 9 దాటగానే సన్నటి హమ్ మొదలవుతుంది. నాకు ఇష్టమైన చోటు ఎనిమిదిన్నర. నిండుదనం పూర్తిగా పోదు, స్పష్టత వచ్చేస్తుంది. రెండు పికప్‌లకీ వేర్వేరు నాబ్‌లు కాబట్టి ఒకటి హంబకర్‌గా, ఒకటి సింగిల్ కాయిల్‌గా పెట్టి కలపొచ్చు. నా మిత్రుడు నెక్ 10 మీద, బ్రిడ్జ్ 7 మీద పెట్టేసి స్విచ్ మధ్యలో ఉంచుతాడు. రిథమ్ అంతా దాని మీదే.

షాపులో వాయించి చూస్తే పలచగా వినిపించింది. మంచి గిటార్ అంటారేమిటి?

నాబ్‌లన్నీ 10 మీద పెట్టి ఉంటారు. ఏ గిటార్ చేతికొచ్చినా మనందరం ముందు చేసే పని అదే. మిగతా గిటార్లలో 10 అంటే పికప్ తన పూర్తి బలంతో పలకడం. టి-60లో 10 అంటే సగం పికప్ ఆగిపోవడం. అలా వాయించి "హంబకర్ అన్నారు, బలమే లేదు" అని కింద పెట్టేసినవాళ్లు ఎంతమందో. నా ఉద్దేశంలో ఈ గిటార్‌కి పేరు రాకపోవడానికి సగం కారణం ఇదే. ఇంతమంచి ఆలోచనని నాబ్ మీద ఎక్కడా గుర్తు పెట్టకుండా వదిలేశారు.

నాది తాకట్టు వస్తువులు అమ్మే షాపులో కొన్నాను. అక్కడ కౌంటర్లో ఉన్నాయన మంచి మనిషి, "ఇది పలచగా పలుకుతుంది, ముందే చెప్తున్నా" అన్నాడు. నేను అంతకుముందే ఒక పాత వాయిద్యకారుడి దగ్గర ఈ నాబ్ సంగతి విని ఉన్నాను. బ్రిడ్జ్ టోన్‌ను 7కి తెచ్చి, యాంప్‌లో కొంచెం గెయిన్ పెంచి ఒక పవర్ కార్డు కొట్టాను. ఆయన కౌంటర్ వెనక నుంచి లేచి వచ్చి గిటార్ వైపు చూశాడు. చెప్పిన ధర మాత్రం పెంచలేదు, ఆ మర్యాద నేను మర్చిపోలేదు.

ఫేజ్ స్విచ్ ఎందుకు? నొక్కితే ఏమీ మారట్లేదు.

రెండు పికప్‌లూ కలిసి పనిచేస్తున్నప్పుడే, అంటే పై స్విచ్ మధ్యలో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఒక పికప్ సిగ్నల్‌ను తలకిందులు చేసి రెండోదానితో కలుపుతుంది. రెండింటిలో ఒకేలా ఉన్న శబ్దం, ముఖ్యంగా కింది స్థాయి బరువు, కొట్టేసుకుపోతుంది. మిగిలేది ముక్కుతో పాడినట్టుండే సన్నటి శబ్దం. వాల్యూమ్ కూడా తగ్గుతుంది.

చాలామంది ఒకసారి నొక్కి, బాగాలేదని మళ్లీ ముట్టుకోరు. ఒక కిటుకుంది. ఫేజ్ పెట్టాక రెండు వాల్యూమ్‌లలో ఒకదాన్ని కొంచెం తగ్గించండి. 10 నుంచి 8కి చాలు. కొట్టేసుకోవడం పూర్తిగా జరగదు కాబట్టి కొంత నిండుదనం తిరిగొస్తుంది. ఫంక్ రిథమ్‌కీ, ఇద్దరు గిటారిస్టులున్న బ్యాండులో రెండోవాడి శబ్దంలో కలిసిపోకుండా వినిపించడానికీ ఇది చాలా ఉపయోగం.

చాలా బరువంటారు, నిజమేనా?

నిజమే. వాడేవాళ్లందరూ ఒప్పుకునే లోపం ఇది. నాది వంటింటి తూకం మీద తేలక, నేను పట్టుకుని బాత్రూమ్ తూకం మీద నిలబడి తేడా తీస్తే 4.7 కిలోలు వచ్చింది. మా మిత్రుడిది ఇంకొంచెం తక్కువ. చెక్క ముక్కను బట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

మూడేళ్ల కిందట మా ఊళ్లో తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో రెండున్నర గంటలు ఆగకుండా దీంతోనే వాయించాను. సన్నటి నైలాన్ స్ట్రాప్ వేసుకున్నాను. మర్నాడు ఉదయం ఎడమ చెయ్యి పైకెత్తి షర్టు తొడుక్కోవడం కష్టమైంది. ఆ వారమే మూడున్నర అంగుళాల వెడల్పున్న తోలు స్ట్రాప్ కొన్నాను, అప్పటినుంచి ఆ బాధ లేదు. వెన్నునొప్పి, మెడనొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఈ గిటార్ వద్దనే చెప్తాను. కూర్చుని వాయించేవాళ్లకి ఇబ్బంది లేదు.

బరువుకి ఒక మంచి వైపు కూడా ఉందని వాడేవాళ్లలో చాలామంది అంటారు. తీగ మీటితే శబ్దం చాలాసేపు నిలుస్తుంది. అది బరువు వల్లనా, నెక్ బిగుతు వల్లనా అన్న వాదన తెగదు. నేనైతే నెక్ బిగుతుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

పాత పికప్‌లు మంచివా, తర్వాతవా?

మొదట్లో వచ్చిన వాటి మీద రెండు చీలికలు కనిపిస్తాయి, బ్రెడ్ కాల్చే టోస్టర్‌లా. అందుకే వాటిని "టోస్టర్" అంటారు. తర్వాత వచ్చిన వాటి మీద రెండు లోహపు పట్టీలు కనిపిస్తాయి, అవి "బ్లేడ్". టోస్టర్‌లు మెత్తగా, తియ్యగా ఉంటాయని కొందరు, బ్లేడ్‌లు బలంగా, యాంప్‌ను గట్టిగా నెడతాయని ఇంకొందరు. నాది టోస్టర్, మా మిత్రుడిది బ్లేడ్. ఒకే యాంప్‌లో పక్కపక్కన పెట్టి విన్నాం. తేడా ఉంది, కానీ టోన్ నాబ్ అర అంకె కదిపితే వచ్చే తేడా అంతకన్నా పెద్దది. ఏది మంచి కండిషన్లో దొరికితే అది తీసుకోండి.

ఇన్నేళ్ల తర్వాత నెక్ వంగిపోయి ఉండదా?

ఈ ప్రశ్నకి సంతోషంగా జవాబు చెప్పొచ్చు. టి-60 నెక్ ఒకే మేపుల్ చెక్క ముక్క కాదు, రెండు పొరలు. చెక్కలోని నరాలు ఒకదానికొకటి ఎదురు దిక్కులో ఉండేలా రెండు ముక్కలు అతికించి, ట్రస్ రాడ్‌ను, అంటే నెక్ వంపు సరిచేసే కడ్డీని, లోపలే ఇమిడ్చారు. వానాకాలం తలుపు ఉబ్బి గడపకి పట్టేయడం మనందరికీ తెలిసిందే. చెక్క గాలిలో తేమకి ఒక పక్కకి లాగుతుంది. ఇక్కడ ఒక పొర ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది. అందుకే పాతికేళ్లు మంచం కింద పడున్న టి-60 తీసి కొత్త తీగలు వేస్తే నెక్ తిన్నగానే ఉందన్న మాట వాడేవాళ్ల దగ్గర పదేపదే వింటాను. అలబామా ఎండాకాలం ఉక్కపోత మన కోస్తా జిల్లాలకి తీసిపోదు. ఏడేళ్లలో నేను ట్రస్ రాడ్ రెండుసార్లు మాత్రమే, అదీ పావు తిప్పు తిప్పాను.

నెక్ కోణం మార్చుకునే సదుపాయం కూడా ఉంది. తీగలు బాగా ఎత్తులో ఉండి, బ్రిడ్జ్ ఇంక దిగనంటే, నెక్ విప్పి కింద అట్టముక్కలు పెట్టాల్సిన పని లేదు.

వాడేవాళ్లు నచ్చలేదని చెప్పేవి ఏవి?

బరువు సంగతి చెప్పాను. రెండోది, రూపం. కొమ్ములు మొద్దుగా, బాడీ వెడల్పుగా ఉంటుంది, అందమైన గిటార్ అని ఎవరూ అనరు. నాకు మాత్రం ఆ చెక్క గీతలు కనిపించే నేచురల్ ఫినిష్ ఎంతో బాగుంటుంది. మూడోది, ఫ్రెట్లు, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. చిన్నవి, సన్నవి. ఇప్పటి గిటార్ల పెద్ద ఫ్రెట్లకి అలవాటుపడ్డ వేళ్లకి మొదట్లో తీగ లాగడం కష్టంగా ఉంటుంది. నాలుగోది, బాడీ మీద ఫినిష్ బాగా మందం. పాత గిటార్లు సహజంగా అరిగి అందంగా కనిపించినట్టు ఇది అరగదు, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది.

చేతులు పెద్దవైనవాళ్లు నెక్ సన్నం అంటారు, చిన్నవైనవాళ్లు దాన్నే మెచ్చుకుంటారు. దీని మీద ఎవరి మాటా వినకండి, పట్టుకుని చూడండి.

ఏ రకం సంగీతానికి పనికొస్తుంది?

కంట్రీ వాళ్లు, బ్లూస్ వాళ్లు ముందుగా దీన్ని పట్టుకున్నారు, అది అమెరికా దక్షిణాది గిటార్ కాబట్టి. కానీ దీన్ని ఒక రకానికి కట్టేయక్కర్లేదు. మా తెలుగు కార్యక్రమాల్లో ఒకే సాయంత్రం 1980ల సినిమా పాట, ఒక జానపదం, ఒక రాక్ పాట, మధ్యలో భజన కూడా వస్తాయి. స్టేజి మీద గిటార్ మార్చే టైమ్ ఉండదు. 1980ల పాటల్లో ఆ గాజులా మోగే క్లీన్ రిథమ్‌కి మధ్య స్థానం, రెండు టోన్‌లూ 10. మెలొడీ బిట్‌కి నెక్ పికప్, 6 దగ్గర. రాక్ వస్తే బ్రిడ్జ్, 7. చిటికెన వేలితో నాబ్ తిప్పుకుంటూ వెళ్లిపోవడమే. బాగా గట్టి హెవీ మెటల్ వాయించేవాళ్లకి మాత్రం దీని పికప్‌లు చాలవు.

మన కర్ణాటక సంగీతం వాయించొచ్చా?

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఏం చేశారో చూసిన తెలుగువాళ్లకి ఈ ప్రశ్న రావడం సహజం. నేను పెద్ద విద్వాంసుణ్ణి కాదు, వర్ణాలు, కొన్ని కృతులు ఇంట్లో వాయించుకుంటాను. నెక్ పికప్, టోన్ ఎనిమిదిన్నర, క్లీన్ యాంప్. శబ్దం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఒక్క మీటుతో మూడు నాలుగు స్వరాల జారు వస్తుంది, అది పెద్ద లాభం. తీగను పక్కకి లాగి చేసే గమకాలకి ఈ చిన్న ఫ్రెట్లు కొంచెం అడ్డం. 9 గేజ్ సన్నటి తీగలు వేశాక నాకు చాలావరకు తీరింది.

అంత బాగుంటే ఎందుకు ఆపేశారు?

కాలం మారింది. 1980ల మధ్యకి వచ్చేసరికి గిటారిస్టులకి తేలికైన బాడీ, మొనదేలిన ఆకారం, తీగలు ఎంత ఊపినా శ్రుతి పోని లాకింగ్ ట్రెమోలో కావాలి. టి-60కి ట్రెమోలో లేదు, బరువు, రూపం పాతది. పీవీ కూడా ఆ దారిలోకే వెళ్లి కొత్త మోడళ్లు చేసింది. 1988తో టి-60 ఆగిపోయింది.

మరి ఎందుకు తక్కువ అంచనా వేశారు?

నాకు అనిపించినవి చెప్తాను. యాంప్‌ల కంపెనీ గిటార్ చేస్తే జనం నమ్మరు. ధర తక్కువగా పెట్టి, పైగా గిటార్ పెట్టుకునే గట్టి అచ్చు పెట్టె కూడా కలిపి ఇస్తే, ఇందులో ఏదో తక్కువ చేసే ఉంటారని అనుకున్నారు. మెషిన్ మీద కోశారన్న చెడ్డపేరు ఒకటి. ఆ పైన టోన్ నాబ్ సంగతి. ఒక్క పేరున్న గిటారిస్టు దీన్ని భుజానికి తగిలించుకుని పదేళ్లు తిరిగుంటే కథ వేరుగా ఉండేది.

ఇప్పుడు మెల్లగా గుర్తిస్తున్నారు. ఏడేళ్ల కిందట నేను కొన్న ధరకి ఇప్పుడు ఇంత మంచిది దొరకదు. అయినా అదే కాలపు ఫెండర్, గిబ్సన్‌లతో పోలిస్తే ఇంకా చాలా తక్కువే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

అన్నిటికన్నా ముందు టోన్ నాబ్‌లు. రెండు పికప్‌లకీ విడివిడిగా, 7 నుంచి 10కి తిప్పుతూ వినండి. శబ్దం సన్నబడి, హమ్ మొదలవ్వాలి. ఏమీ మారకపోతే లోపల ఎవరో వైరింగ్ మార్చేశారని అర్థం. ఇది ఊరికే చెప్పడం లేదు. మా మిత్రుడు గిటార్ కొన్న కొత్తలో నాబ్ గరగరమంటోందని ఒక రిపేర్ షాపులో ఇచ్చాడు. వాళ్లు మంచి చేద్దామనే లోపలున్నవి తీసేసి మామూలు గిటార్‌లో వేసే వైరింగ్ వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి వాయిస్తే 7కీ 10కీ తేడా లేదు. గిటార్ పాడైందనుకున్నాడు. వెనక్కి వెళ్లి అడిగితే తీసినవి చెత్తలో పడేశామన్నారు. పాత సర్క్యూట్ బొమ్మ సంపాదించి, మేమిద్దరం టంకం పెట్టుకుని తిరిగి సరిచేయడానికి మూడు శనివారాలు పట్టింది. గరగరకి సాధారణంగా కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క చాలు. వేరే పని చేయించే ముందు "వైరింగ్ ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

తర్వాత ఫేజ్ స్విచ్, పై స్విచ్ మధ్యలో పెట్టి చూడండి. ఫ్రెట్లు చిన్నవి కాబట్టి అరిగి ఉంటే మళ్లీ చదును చేయించడానికి చోటు ఉండదు. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగ గాట్లు లోతుగా ఉంటే కొత్త ఫ్రెట్ల ఖర్చు లెక్కలో వేసుకోండి. నెక్ తిన్నగా ఉందో లేదో చూడటం ఎలాగూ చేస్తారు, దాని గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. అసలు పెట్టె ఉంటే అడగండి, తాళాలు పనిచేస్తున్నాయో చూడండి.

ఏ ఏడాది గిటారో ఎలా తెలుస్తుంది?

సీరియల్ నంబర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నాబ్‌ల కింద, అవి తిప్పితే తిరిగే భాగాలైన పాట్‌ల మీద ఒక కోడ్ ముద్రించి ఉంటుంది. మొదటి మూడు అంకెలు పాట్ చేసిన కంపెనీవి. చివరి రెండు వారం, వాటి ముందున్నవి సంవత్సరం. ఉదాహరణకి 1377922 అని ఉంటే 1979లో 22వ వారం. గిటార్ దానికన్నా ముందుది కాదని మాత్రమే దాని అర్థం, అదే వారం చేశారని కాదు.

పికప్‌లు మార్చి కొత్తవి వేయించొచ్చా?

వద్దు. ఆ పికప్‌లూ ఆ సర్క్యూట్ ఒకదానికోసం ఒకటి చేసినవి. అవి తీసేస్తే మిగిలేది బరువైన చెక్క ముక్క. వేరే శబ్దం కావాలంటే వేరే గిటార్ కొనుక్కోవడం మేలు.

టి-15 కూడా ఇలాంటిదేనా?

అదే కుటుంబం, చిన్నది. తీగ పొడవు 23.5 అంగుళాలే, రెండూ సింగిల్ కాయిల్ పికప్‌లు. కొన్నిటికి పెట్టెలోనే చిన్న యాంప్ ఇమిడ్చి అమ్మారు. పిల్లలకి, చిన్న చేతులవాళ్లకి చాలా బాగుంటుంది. టి-60 టోన్ నాబ్ మాయ అందులో ఉండదు.

ఇక్కడ కొని ఇండియా తీసుకెళ్లాలంటే ఎలా?

ఇండియాలో టి-60 అమ్మకానికి కనిపించడం చాలా అరుదు కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. గిటార్‌లో బ్యాటరీ లేదు, కరెంటుతో పని లేదు. అక్కడి ఏ యాంప్‌కైనా తగిలించొచ్చు. యాంప్ కూడా తీసుకెళ్తే మాత్రం జాగ్రత్త. అమెరికా యాంప్ 120 వోల్టులకి చేసింది, మన దగ్గర 230. సరిపోయే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెడితే పోతుంది. నా సలహా అడిగితే గిటార్ ఒక్కటే తీసుకెళ్లి యాంప్ అక్కడే కొనండి.

తర్వాతి సంవత్సరాల్లో కొన్నిటికి రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) వచ్చింది. రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ ఆంక్షలు ఉన్నాయని కొందరు భయపడతారు. 2017 నుంచి అన్ని రకాల రోజ్‌వుడ్‌కీ అనుమతులు అడిగారు కానీ, 2019 నవంబర్ నుంచి పూర్తయిన సంగీత వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి తప్ప. మేపుల్ బోర్డు ఉన్నదైతే ఆ ఆలోచనే అక్కర్లేదు.

అచ్చు పెట్టెతో విమానంలో తీసుకెళ్తే బరువు చాలా ఎక్కువవుతుంది. పోయిన ఏడాది నేను విజయవాడ వెళ్లినప్పుడు ఇలా చేశాను. తీగలు పూర్తిగా వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు విప్పి నెక్ తీసేశాను. స్క్రూలూ ప్లేటూ చిన్న జిప్ కవర్లో వేసి, బాడీని పాత దుప్పటిలో చుట్టి పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టాను. నెక్‌ని రెండు ప్యాంట్ల మధ్య కర్రలా దూర్చాను. ఇంటికెళ్లాక వెంటనే బిగించకుండా ఒక రోజు గదిలో ఉంచాను. స్క్రూ తిప్పేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, పాత గాడిలో "టిక్" అని పడ్డాక ముందుకి తిప్పాలి, లేకపోతే చెక్కలో కొత్త గాడి పడి పట్టు పోతుంది. నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, ఆరు తీగలు ఎక్కించి శ్రుతి చేశాను. సాయంత్రానికి శ్రుతి నిలిచింది, ట్రస్ రాడ్ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు.